వాపసు చిరునామా

పోస్టులో తెప్పించుకున్న చెప్పులు రెండూ ఎడమకాలివే వచ్చాయి. సామేలు వాటిని తిప్పి పంపి, డబ్బు వాపసు అడిగాడు.

కంపెనీ జవాబిచ్చింది: "తెలంగాణ అనే రాష్ట్రం లేదు. సరైన చిరునామా పంపితేనే డబ్బు పంపుతాం."

"ఆంధ్రప్రదేశ్ అని రాద్దాం బాపూ, పైసలన్న వస్తయి," అంది కూతురు స్రవంతి.

"తెలంగాణ రావాల్నని రోజూ జెండా పట్టుకొని తిరుగుకుంట, గదెట్ల రాస్త బిడ్డా?"

స్రవంతి ఆలోచించి కార్డు రాసింది: "అయ్యా, మా ఆర్డరు ఫారం తీసి చూడండి. అందులోనూ తెలంగాణ అనే రాశాం. చెప్పులు చేరిన చిరునామాకు డబ్బూ చేరుతుంది."

పదోనాడు మనియార్డరు వచ్చింది. సామేలు డబ్బు పక్కన పెట్టి, కంపెనీ వాళ్లు రాసిన చిరునామా చదివించుకున్నాడు: సామేలు, కోరుట్ల, తెలంగాణ.

"సూసినవా బిడ్డా! ఢిల్లోల్లు ఇయ్యకముందే చెప్పులోల్లు ఇచ్చిండ్రు!"