తువ్వాలు కింద బేరం

తువ్వాలు కింద ఈరన్న ఎదుటివాడి నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. వేలికి ఐదు లక్షల లెక్కన ఇరవై లక్షలు. ఎదురుగా కూర్చున్న మహాంతేశ్ తిరిగి మూడే వేళ్లు పట్టుకున్నాడు.

ఈరన్న వచ్చింది ఇల్లు కొనడానికి. సంతలో ఎన్నో ఎడ్ల బేరాలు ఆడాడు గానీ, ఇస్తానన్నదానికంటే తనే తగ్గించే ఆసామిని ఎక్కడా చూడలేదు.

"ఇల్లు అమ్మబడును, బ్రోకర్లు రావద్దు" అని గోడమీద రాసి ఉండటం చూసి, భార్య మహాదేవమ్మతో నేరుగా లోపలికొచ్చాడు ఈరన్న. మాన్వి ఊరి ఎండకు మహాంతేశ్ చొక్కా విప్పి, మంచమ్మీద దర్జాగా విసురుకుంటున్నాడు. మహాదేవమ్మ వాకిట్లో ఆగకుండా వంటింట్లోకే దూరింది. అక్కడ ముసలి బసమ్మ చాయ్ పెడుతోంది. ధర పైకి అంటే చాలు, ఏ బ్రోకరో మధ్యలో దూరిపోతాడని ఈరన్న భుజం మీది తువ్వాలు చేతులమీద కప్పాడు.

"గోడలకు చెమ్మ పట్టింది గదన్నా," అన్నాడు.

"పట్టింది. పైకప్పు సుత కురుస్తది," అన్నాడు మహాంతేశ్.

ఇంత నిజాయితీపరుడు మాన్విలోనే ఉన్నాడని ఈరన్నకు ఇన్నాళ్లూ తెలియదు.

మహాదేవమ్మ వచ్చి మొగుడి చెవి దగ్గర గుసగుసలాడింది. "అమ్మెటోడు గిట్ల అంటడా? ఇంట్ల దయ్యమేమన్న ఉన్నదేమో!"

"ఉంటె ఉండనియ్యి. దయ్యం కిరాయి అడగదు గద! ఈ నెలల మనం కిరాయి ఇల్లు ఖాళీ చెయ్యాలె, మర్చిపోయినవా?"

ఈసారి గుండె దిటవు చేసుకుని రెండే వేళ్లు పట్టుకున్నాడు ఈరన్న. మహాంతేశ్ కళ్లు మెరిశాయి. ఆలస్యం చేస్తే ఈరన్న మనసు మార్చుకుంటాడేమోనని వెంటనే చేతిలో చెయ్యి వేసేశాడు. బేరం కుదిరిపోయింది.

ఈరన్న జేబులోంచి అడ్వాన్సు నోట్లు తీసి ముందుకు చాచాడు. మహాంతేశ్ కూడా నోట్లు తీసి ముందుకు చాచాడు.

"తీస్కో అన్నా, బయానా," అన్నాడు ఈరన్న.

"అరె, తీస్కోవాల్సింది నువ్వు గద! ఇల్లు నీది."

"నాదేంది? నీది గద!"

అప్పుడే చాయ్ తెచ్చిన బసమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"అన్నదమ్ములు మీల మీరు మాట్లాడుకుంటున్నరని ఊకున్న. ఇల్లు నాది. ఆ తువ్వాల ఇటియ్యుర్రి, నేనింక చెయ్యే పెట్టలె!"