తాండూరు బజారులో దయ్యం

"దయ్యం సినిమా అంటున్నవ్. మరి నాకైతే జర గూడ భయం గాలే," అన్నాడు టాకీసు యజమాని జంగప్ప, రీలు డబ్బాను బల్ల మీద ఇవతలికి తోస్తూ.

"మీరు ఒక్కరే కూసొని సూసిండ్రు సేటూ. జనంల కూసుంటే వేరే ఉంటది," అన్నాడు ఖుద్దూస్.

"ఒక్కణ్ణే కూసుంటే ఇంకా ఎక్కువ భయం గావాలె గద."

ఖుద్దూస్ డబ్బాను మళ్లీ జంగప్ప వైపే తోశాడు. వికారాబాద్ కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కలిసి అనంతగిరి అడవిలో తీసిన అరగంట సినిమా అది. అందులో దయ్యం ఖుద్దూసే. వికారాబాద్ టాకీసాయన డబ్బా మూత కూడా తియ్యనివ్వలేదు. ఇప్పుడు సొంత ఊరు తాండూరులో కూడా ఆడకపోతే, ఆ రీలు కాలేజీ బీరువాలో పడి ఉండడమే.

కెమెరా పట్టిన బీరయ్య కూడా వెంట వచ్చాడు. వాళ్లది నవాబుపేట. ఇంతసేపూ గోడకు ఆనుకుని వింటున్నవాడు ముందుకు వచ్చాడు.

"సేటూ, ఒక పని జేస్తం. గా దయ్యాన్నే బజార్ల తిప్పుతం. జనం జడుసుకుంటరు. ఆదివారం మీ టికెట్ల కిటికీ కాడ లైను గడ్తరు."

జంగప్పకు నవ్వొచ్చింది. "సరే తియ్. టేషన్ దాక తిరగుండ్రి, నేను ఎనక వస్త. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు భయపడి కేకేసినా ఆదివారం పొద్దటి ఆట మీకిస్త. లేకుంటే సాయంత్రం బండికి డబ్బా పట్టుకొని వికారాబాద్ పోండ్రి."

టాకీసు వెనక పంపు దగ్గర ఖుద్దూస్‌ను కూర్చోబెట్టి బీరయ్య వేషం మొదలుపెట్టాడు. చిరిగిన తెల్ల లాల్చీ తొడిగాడు. తల తడిపి జొన్నపిండి చల్లాడు. ముఖానికి, చేతులకు, పాదాలకు పట్టించాడు.

"రెప్పల మీద గూడ వెయ్యనా?"

"వెయ్యి. దయ్యమంటే మొత్తం దయ్యమే ఉండాలె."

"బండి దిగంగనే మీ ఇంటికి పోదమంటే ఇనకపోతివి. మీ అమ్మీ ఇంత అన్నం పెడ్తుండె. దయ్యానికి గూడ ఆకలైతది గదరా."

"ఆట ఖాయం జేసుకొని పోదం. ఉత్త చేతులతోని పోయి ఏం జెప్పాలె?"

వేషం పూర్తయ్యాక బీరయ్య నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. తన పనికి తానే జంకి, సంతోషపడ్డాడు.

ఖుద్దూస్ బజారులోకి వచ్చాడు. గాజుల బండి దగ్గర బేరం చేస్తున్న ఒకామె ముందు చేతులు చాచి, పళ్లు బయటపెట్టి నిలబడ్డాడు.

"జర పక్కకు జరుగు బిడ్డా, వెల్తురు అడ్డమొస్తున్నవ్," అందామె. ఎర్ర గాజులు వద్దని పచ్చవి అడిగింది.

చాయ్ హోటల్ ముందు గుర్రుమన్నాడు. లోపల కూర్చున్న ముసలాయన తల ఎత్తి చూశాడు.

"గొంతుల పడిందా? ఇంద, నీళ్లు తాగు," అని గ్లాసు అందించాడు. దయ్యం నీళ్లు తాగి ముందుకు నడిచింది.

సైకిల్ మీద పోతున్న ఒకతను బ్రేకు వేసి ఆగాడు. బీరయ్యకు ఆశ పుట్టింది.

"ఇయ్యాల తొందరగ ఇడిసిండ్రా తమ్మీ? మా అన్న ఎల్లిండా?" అని అడిగాడతను.

"యాడికెళ్లి?" అన్నాడు ఖుద్దూస్.

"మిషన్ల కాడికెళ్లి," అని అతను వెనక్కి చెయ్యి చూపించాడు.

నాపబండలు కోసే మిషన్ల వైపు నుంచి పని దిగిన మనుషులు గుంపుగా వస్తున్నారు. తల వెంట్రుకల నుంచి కాలి గోళ్ల దాకా అందరూ తెల్లగా ఉన్నారు. రెప్పల మీద కూడా దుమ్మే. వాళ్ల మధ్యలో ఖుద్దూస్ ఎక్కడున్నాడో బీరయ్యకే కాసేపు తెలియలేదు.

"నువ్వు గీ ఊరోనివే గదరా," అన్నాడు బీరయ్య వెతికి పట్టుకుని. "ముందే జెప్పొద్దా? ఎర్ర రంగైనా పూస్తుంటి."

ఖుద్దూస్ తెల్లబోయి చూస్తున్నాడు. పుట్టినప్పటి నుంచి రోజూ చూసిన మనుషులే. వాళ్లు తెల్లగా ఉంటారన్న సంగతి ఎప్పుడూ తట్టలేదు.

గుంపులో ఒకాయన అతని భుజం తట్టాడు. "కొత్తగ చేరినవా? ముక్కుకు రుమాలు కట్టుకో. లేకుంటే నా లెక్క..." మిగతా మాట దగ్గులో పోయింది. దగ్గుకుంటూనే ముందుకు సాగాడు.

వెనక నుంచి జంగప్ప పాన్ నములుతూ వచ్చాడు. "మీ దయ్యానికి రేపు పొద్దుగాల డ్యూటీ ఉన్నట్టుంది," అన్నాడు. "ఇగ నడువుండ్రి. బండి టైమయితుంది."

బీరయ్య డబ్బాను చంకలో సర్దుకున్నాడు. సరిగ్గా అప్పుడే కూరగాయల వరుసలోంచి పెద్ద కేక వినిపించింది. బజారంతా ఒక్కసారి అటు తిరిగింది. ఒక బుర్ఖా ఆమె ముసుగు పైకెత్తి, ఖుద్దూస్ వైపే చూస్తోంది. చేతిలో సంచి జారి టమాటలు రోడ్డు మీదికి దొర్లాయి.

జంగప్ప నమలడం ఆపాడు. "అరిసింది," అన్నాడు. "మాటంటే మాటే. ఆదివారం పొద్దటి ఆట మీదే."

బీరయ్య డబ్బాను కింద పెట్టి ఖుద్దూస్‌ను కావలించుకున్నాడు. వాడి చొక్కా అంతా పిండి అయింది. ఖుద్దూస్ మాత్రం అతన్ని విడిపించుకుని ఆమె దగ్గరికి నడిచాడు. ఆమె అతని తల్లి అలీమాబీ.

"అమ్మీ, భయపడకు. దయ్యం గాదు, నేనే," అన్నాడు నవ్వుతూ.

అలీమాబీ ముసుగు అంచుతో కొడుకు చెంప తుడిచింది.

"నువ్వేనని సూడంగనే తెల్సింది బేటా. మీ అబ్బాజాన్ దగ్గి దగ్గి సచ్చిపోయింది సాలదా, నువ్వు గూడ గా మిషన్లకే పోతున్నవా?"