పిన్ని లెక్క

పరిశోధకురాలు సూక్ష్మదర్శినిలో చూస్తూ, సన్నని తీగతో పురుగును తాకింది. కదల్లేదు. ప్లేటులో మిగతావీ అంతే. మామూలుగా మూడు వారాలు బతికే పురుగులు, పన్నెండో రోజుకే అన్నీ చచ్చిపోయాయి.

రెండు జన్యువుల్లో ఏ ఒక్కదాన్ని ఆపినా ఆ పురుగులు ఎక్కువ రోజులు బతికేవి. ఈ ప్లేటులోవాటికి లాగా రెండూ ఆపితే ఆయుష్షు ఇంకా పెరుగుతుందని ఆమె నమ్మకం. రోజూ వాటిని లెక్కపెట్టే ప్రయోగశాల సహాయకురాలు, అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ మాత్రం, తగ్గిందని రాసింది. “ఆవిడకి చూపు ఆనట్లేదు” అని పోయిన నెల పరిశోధకురాలు ఆ లెక్కను అందరి ముందూ కొట్టిపారేసింది. తీరా తనే మళ్ళీ పెంచి లెక్కపెడితే అవే అంకెలు వచ్చాయి.

“పిన్నీ, మీ లెక్కే నిజం. విడిగా మేలు చేసేవి, కలిస్తే కీడు చేస్తున్నాయి” అంది తలెత్తకుండా.

“తెలుసమ్మా. మీరన్న మర్నాడే కళ్ళ డాక్టరుకి చూపించుకున్నా. చూపు నిక్షేపంగా ఉందన్నాడు.”

“మరి నాతో చెప్పలేదేం?”

“మీరన్నది అందరి ముందు. చెబితే నేనూ అందరి ముందే చెప్పాలి. మీకు తలవంపులెందుకని ఊరుకున్నా.”

పరిశోధకురాలికి తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి, ఆ రోజు తన మాట విన్న వాళ్ళందరి తలుపులూ ఒక్కొక్కటే తట్టింది.