నక్కబొమ్మ బ్రౌజర్

"ఇంకెంతసేపు తమ్మీ?"

బాలమల్లు ఆ మాట అడగడం ఇది ఏడోసారి.

"పేజీ ముందటికి పోతలేదు కాకా. నన్నేం జేయమంటవ్?" స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు సాయిచంద్. మెట్‌పల్లి పాత బస్టాండు దగ్గరి ఆ ఆన్‌లైన్ సెంటర్ అతనిదే.

గోడ గడియారం నాలుగూ ముప్పై ఐదు చూపిస్తోంది. ఐదు దాటితే నవ్యశ్రీ నర్సింగ్ సీటు పోతుంది.

మండలానికి ఒక్కటే ఉచిత సీటు. అది మరమగ్గాల కూలి బాలమల్లు కూతురికి వచ్చింది. 'లింకు నొక్కి సీటు ఖాయం చేసుకోండి' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చి వారమైంది. బాలమల్లు నొక్కనిస్తేగా! లింకు నొక్కి మోసపోయినవాళ్ల కథలు మగ్గాల షెడ్డులో రోజుకొకటి వింటున్నాడు మరి. అది నిజమైన మెసేజేనని నవ్యశ్రీ చదివిన కాలేజీ జమున మేడం ఈ మధ్యాహ్నం చెబితే గానీ నమ్మలేదు. అంత జాగ్రత్త మనిషి. ఆ జాగ్రత్తే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది.

ఫోన్లో ఆ సైటు తెరుచుకోనే లేదు. ఇక్కడ తెరుచుకుంది గానీ, 'సీటు ఖాయం' అన్న బటన్ ఎన్నిసార్లు నొక్కినా తెల్ల పేజీ వచ్చి ఆగిపోతోంది.

బెంచీ చివర ఒకాయన పొద్దుటి నుంచీ కూర్చునే ఉన్నాడు. మాసిన చొక్కా, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, ఒళ్లో ప్లాస్టిక్ కవరు. "ఐదింటికి ఒక పనున్నది తమ్మీ" అన్నాడంతే. ఫ్యాన్ గాలికి వచ్చి కూర్చున్నాడని సాయిచంద్ అనుకున్నాడు.

"పేరు చెప్పు చెల్లె, మల్లొక్కసారి కొడ్త."

"నవ్యశ్రీ. మెట్‌పల్లి మండలం," అంది తండ్రి పక్కన నిలబడ్డ పిల్ల.

బెంచీ మీది మనిషి కవరులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. మళ్లీ లోపల పెట్టాడు. గడియారం వైపు చూశాడు. తర్వాత ఆ పిల్ల ముఖం వైపు చూశాడు.

నాలుగూ నలభై రెండు. మళ్లీ తెల్ల పేజీ. నవ్యశ్రీ చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"తమ్మీ, గది బంద్ జేసి ఇంకో బ్రౌజర్ల తెరువు," అన్నాడాయన గొంతు సవరించుకొని. "గా నక్కబొమ్మది ఉంటది సూడు, దాంట్ల."

సాయిచంద్ నవ్వాడు. "గదెవ్వరు వాడుతున్నరు ఇప్పుడు? దీనంత స్పీడ్ ఇంకోటి లేదు. నెట్టు గురించి నాకే చెప్తవా?"

"స్పీడ్ సంగతి కాదు. గీ సైటు దేంట్ల పనిచేస్తే గదే మనకు మంచిది. ఫారం నింపనీకి నేను మూడు సెంటర్లు తిరిగిన. గిట్లనే తెల్లగొచ్చింది. ఆఖరికి గా నక్కబొమ్మదాంట్లనే అయ్యింది."

కవరు బెంచీ మీద పెట్టి లేచి వచ్చాడు, ఆ గుర్తు ఎక్కడుందో చూపిద్దామని. సాయిచంద్ వినకుండా పాతదాంట్లోనే మళ్లీ పేరు కొట్టాడు. సరిగ్గా అప్పుడే నవ్యశ్రీ ఫోన్ మోగింది. ఓటీపీ!

బాలమల్లు ఫోన్ లాక్కొని ఛాతీకి అదుముకున్నాడు.

"ఏయ్! ఓటీపీ సూస్తున్నవా? పొద్దటిసంది గిందుకేనా గీడ కూసున్నది?"

"అన్నా, నేను..."

"అన్న లేదు, గిన్న లేదు. బయటికి నడువ్. పోలీసోళ్లను పిలువాల్నా?"

సెంటర్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన ముఖం కందిపోయింది. గడప దిగాడు.

కానీ వెళ్లిపోలేదు. మెట్టు మీద కాసేపు నిలబడి వెనక్కి తిరిగాడు.

"బిడ్డా, నువ్వన్న నా మాట ఇను. టైం అయిపోతున్నది."

నాలుగూ యాభై రెండు.

"అన్నా, ఒక్కసారి తెరువున్రి," అంది నవ్యశ్రీ సాయిచంద్‌తో. "పోతే నా సీటే గద పోయేది!"

సాయిచంద్ విసుగ్గా మౌస్ కదిపాడు. ఓ మూల దుమ్ముపట్టిన వస్తువులా పడి ఉంది నక్కబొమ్మ. నొక్కాడు. అప్‌డేట్ కావాలంది. 'తర్వాత' కొట్టాడు. పేజీ వచ్చింది. మళ్లీ ఓటీపీ. బాలమల్లు ఫోన్ కూతురికిచ్చాడు. ఆమె అంకెలు చెప్పింది.

బటన్ నొక్కాడు సాయిచంద్.

తెల్ల పేజీ రాలేదు. పచ్చటి అక్షరాలొచ్చాయి. మీ సీటు ఖాయమైంది.

నాలుగూ యాభై ఏడు.

"అయ్యింది కాకా!"

బాలమల్లు బెంచీ మీద కూలబడ్డాడు. కూతురి తల నిమిరాడు. సంతోషం కాస్త కుదుటపడ్డాక సిగ్గు ముంచుకొచ్చింది.

"అరె, గాయన్ను ఎంత మాటన్న నేను! ఉరుకు బిడ్డా, పిలుసుకరా. చాయన్న తాగిపిద్దాం."

నవ్యశ్రీ బయటికి పరుగెత్తింది. మెట్టు మీద ఎవరూ లేరు. బస్టాండు దాకా వెళ్లి చూసింది. ఎక్కడా కనిపించలేదు.

తిరిగి వచ్చేసరికి తండ్రి చేతిలో ఆ ప్లాస్టిక్ కవరు ఉంది.

"మరిచిపోయిండు పాపం. లోపట అడ్రస్ ఉన్నదేమో సూడు. ఇంటికే పోయి ఇచ్చొద్దాం."

నవ్యశ్రీ కాగితం మడత విప్పింది. పైన తన నర్సింగ్ స్కూలు ముద్రే ఉంది.

"రెబెకా, తండ్రి యేసుదాసు. మెట్‌పల్లి మండలం. వెయిటింగ్ లిస్టులో ఒకటో నంబరు..."

ఆమె చదవడం ఆపి ఖాళీ మెట్టు వైపు చూసింది.

"ఏంది బిడ్డా? ముందటికి చదువు."

'మీ మండలంలో సీటు వచ్చిన అభ్యర్థి ఈ రోజు సాయంత్రం ఐదు గంటల్లోపు ఖాయం చేసుకోకపోతే, ఆ సీటు మీ అమ్మాయికి ఇస్తాము' అని ఉంది కింద.