పాపకు జ్వరమొస్తే

ఉద్యోగం కోసం వచ్చినామె పనితనం చూద్దామని రక్తపరీక్షల ల్యాబు యజమాని తన చెయ్యే చాపాడు. ఏళ్ళ తర్వాత సూది పట్టినా, ఆమె ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంది.

“చెయ్యి తిరిగినదానివేనమ్మా! మరి ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చున్నావేం?”

“పాప కోసమండి.”

“అయితే రేపు పాపకు జ్వరమొస్తే సెలవడుగుతావుగా?”

ఆమె వాడిన సూదిని డబ్బాలో పడేసింది. “అడుగుతానండి.”

“అక్కడే వచ్చింది చిక్కు. నాకు సెలవులు పెట్టేవాళ్ళు వద్దు తల్లీ. వెళ్ళిరా.”

బయట మెట్ల మీద, ఒళ్ళో గ్రంథంతో కూర్చున్న బోధకుడు, ఆమె తండ్రి, సంగతి విని భగ్గుమన్నాడు. “తల్లితనాన్ని నేరంలా తూచే తక్కెడ తీర్పునాడు విరిగి ముక్కలవుతుంది!” అంతలోనే గొంతు తగ్గించాడు. “అయినా ఉన్నమాట చెప్పకపోయావా, తల్లీ? ఉద్యోగం నీదయ్యేది.”

“గురువును ఎరగనని బొంకిన శిష్యుణ్ణి ప్రతి ప్రసంగంలో నువ్వే చీల్చి చెండాడతావు కదా, నాన్నా. నాకు పాప లేదని నా నోటితో నేనెలా అననూ?”

పోయిన వానాకాలం ఆ పసిదాని సమాధి దగ్గర తడబడకుండా వాక్యం చదివిన మనిషి, ఇప్పుడు గ్రంథం మూసేశాడు.