సీ డ్రైవు ఏ పార్టీది?

"గోడ మందంగా ఉండాలబ్బయ్యా. వాళ్ల పాట మా వైపుకి రాకూడదు," అన్నారు ఎలిశబెతుగారు.

కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్న కిషోర్ తల గీరుకున్నాడు. విండోస్ ఎక్కించడానికి నెల్లూరు నుంచి వచ్చాడు. ఎక్కించే ముందు డిస్కును భాగాలు చెయ్యాలి. అతనికి రోజూ ఉండే పనే. కానీ సూళ్లూరుపేటలోని ఈ చర్చిలో పొద్దున మొదలైన పంపకం భోజనాల వేళ దాటినా తెమల్లేదు.

గుడి ఒక్కటే. సంఘం మాత్రం రెండుగా చీలింది. పాత కీర్తనలు, హార్మోనియం చాలుననేది హెన్రీగారి పార్టీ. డ్రమ్స్ మోగకపోతే దేవుడికి నిద్రొస్తుందనేది ఎలిశబెతుగారి పార్టీ. ఆదివారం తెల్లారే ఒకరి ఆరాధన, ఎండెక్కాక ఇంకొకరిది. పాస్టరుగారు రెండు పార్టీల ఇళ్లలోనూ భోంచేసి, రెండు పార్టీలనూ ఆశీర్వదిస్తారు.

పాటలు తెర మీద చూపించుకోమని ఈ కంప్యూటర్ కొనిచ్చింది శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో రిటైరైన సంజీవరావుగారు. ఒక్కటే షరతు పెట్టారు. లైట్లు వేసే వేళకి నాయకులిద్దరూ పంపకానికి ఒప్పుకోవాలి. లేదంటే కంప్యూటర్ పక్కపేట చర్చికి వెళ్లిపోతుంది. దాన్ని వాళ్లకివ్వడం కంటే పులికాట్ సరస్సులో ముంచడం మేలని రెండు పార్టీలూ నమ్ముతాయి. ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

నాయకులిద్దరూ చెరో బెంచీ మీద, చెరో గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఏం చెప్పాలన్నా కిషోర్‌తోనే చెబుతారు.

"సీ డ్రైవు విండోస్‌కి. డీ ఒకరికి, ఈ ఒకరికి," అన్నాడు కిషోర్.

"ఏ, బీ యాడికి పోయినాయి?" హెన్రీగారు అడిగారు.

"అవి పాతకాలం ఫ్లాపీలకండీ. ఇప్పుడు వాడటం లేదు."

"వాడటం లేదా, ముందే ఎవరికన్నా ముట్టినాయా? ఆమెనడుగు."

"నేను తీసుకోవాలంటే రెండు అక్షరాలతో ఆగనని ఆయనకి చెప్పబ్బయ్యా," అన్నారు ఎలిశబెతుగారు. అంతలోనే ఆమెకీ ఒక అనుమానం వచ్చింది. "అవునూ, ఆ విండోస్‌ది ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదమ్మా."

"ఏ పార్టీ కాకుండా సీ యెట్టా కొట్టేసింది?"

కిషోర్ గబగబా మీటలు నొక్కాడు. తెర మీద ఇంకో చిన్న ముక్క కనిపించింది. హెన్రీగారు ముందుకు వంగారు.

"ఇదెవరికి?"

"విండోస్ తన అవసరానికి తనే తీసుకుంటుందండీ."

"అడక్కుండానే?"

"అడక్కుండానే."

"మా పాస్టరుగారి మాదిరే," అన్నారు హెన్రీగారు. కొంచెం మెత్తబడ్డారు కూడా.

అయినా పెద్ద చిక్కు అలాగే ఉండిపోయింది. డబ్బా మీద రాసినంత జాగా తెర మీద కనిపించడం లేదు. కంపెనీ లెక్క వేరు, విండోస్ లెక్క వేరని కిషోర్ ఎంత చెప్పినా ఇద్దరూ వినలేదు.

"వడ్లకి తరుగు తీస్తారు, తెలుసు. గాలికి కూడా తీస్తారా?" అన్నారు హెన్రీగారు. "ఆ తరుగు ఆమె భాగంలో కోసెయ్."

"ఎందుకూ? జాగా ఇస్తే చాలు, నాలుగు మూలలా కాళ్లు చాపే మనిషి ఆయన. ఆయన భాగంలోనే కోసెయ్."

అంతసేపూ వెనక కుర్చీలో కూర్చుని వింటున్న సంజీవరావుగారు లేచారు. "రాకెట్టు ముక్కలుగా విడిపోతే పైకి పోతుంది. మీరు విడిపోయి యాడికి పోతారో చూస్తా. అబ్బయ్యా, కంప్యూటర్ డబ్బాలో పెట్టు. పక్కపేటకి ఫోన్ చేస్తన్నా."

రెండు బెంచీలూ ఒక్కసారి కిర్రుమన్నాయి.

"పొలాలు పంచుకున్నట్టు పంచుకుంటాం సార్," అన్నారు హెన్రీగారు. "ఒకరు భాగాలెయ్యాల, ఇంకొకరు ఎంచుకోవాల. ఆమెనే వెయ్యమనండి."

ఎలిశబెతుగారు తెర దగ్గరికొచ్చి కళ్లద్దాలు సర్దుకున్నారు. ఎక్కడ కొయ్యాలో వేలుపెట్టి చూపించారు. వెంట్రుకవాసి తేడా లేకుండా రెండు భాగాలు వచ్చాయి. ఆమె మొదటి భాగాన్ని ఒకసారి చూసి, ఏమీ ఎరగనట్టు తల తిప్పుకున్నారు.

"నాకు రెండోది," అన్నారు హెన్రీగారు వెంటనే.

"రెండూ ఒకటే కదండీ," అన్నాడు కిషోర్.

"నాకు మొదటిది అంటగట్టాలని చూస్తా ఉంది. నాకు తెలీదా ఆ చూపు?"

ఎలిశబెతుగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఆమెకి కావలసింది మొదటిదే.

విండోస్ ఎక్కింది. తలా ఒక పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. పెట్టేటప్పుడు ఒకరినొకరు బయటికి పంపించారు. సంజీవరావుగారు ఫోన్ జేబులో వేసుకున్నారు.

సంచీ సర్దుకుంటూ కిషోర్ ఆయనతో మెల్లగా అన్నాడు. "ఇట్టాంటి పగ నేను యాడా చూళ్లేదు సార్. ఒక్క ఊళ్లో యెట్టా బతకతన్నారు వీళ్లు?"

సంజీవరావుగారు లైట్లు ఆర్పడంలో ఉండిపోయారు.

కిషోర్ బయటికొచ్చేసరికి హెన్రీగారు స్కూటర్ స్టార్ట్ చేశారు. ఎలిశబెతుగారు తీరిగ్గా చెప్పులు వేసుకుని మెట్లు దిగారు.

ఆ స్కూటర్ వెనక సీటు మీదే ఎక్కి కూర్చుని, హెన్రీగారి భుజం పట్టుకుని ఆమె కిషోర్‌తో అన్నారు: "ఆయనకి చెప్పబ్బయ్యా, మన ఫేబీ, అల్లుడు రాత్రికి దిగతా ఉండారు, ఇంటికి పోయే దారిలో ఆపి రొయ్యలు తీసుకోమని."