చేతులొచ్చేసరికి

పెరట్లో పాత టబ్బు ముందు గొంతుక్కూర్చుని నాన్న ఉడికించిన పాలకూరను గోటితో చిదుపుతున్నాడు. ముక్క పెద్దదైతే పిల్లల గొంతుకు అడ్డం పడుతుందని ఆయన భయం. పిల్లలంటే తోకకప్పలు.

ఏటా వానలు పడగానే వీధి చివరి గుంటలోంచి గుడ్లు తెస్తాడు. కుళాయి నీళ్లలో మందు వాసన పోవాలని బకెట్లో నిలవుంచి మరీ పోస్తాడు. ఎండెక్కితే తన గొడుగు తెచ్చి టబ్బుకు పడతాడు. దర్జీ పని. చొక్కాలు ఎప్పుడిస్తావయ్యా అని జనం తిట్టుకుంటూ పోయినా లెక్కచేయడు. ఇంత చేసినా ఒక్కటీ దక్కేది కాదు. కాళ్లొచ్చేవి. చేతులొచ్చేవి. చేతులొచ్చాక ఏదో ఒక పొద్దున అన్నీ వెల్లకిలా తేలేవి.

"నా చేతి మహిమేమో. ఏదీ నిలవదు," అని చొక్కా అంచుతో కళ్లు ఒత్తుకునేవాడు.

కూతురికి కడుపు తరుక్కుపోయేది. అమ్మ సంచీ సర్దుకుని వెళ్లిపోయిన రోజు కూడా ఆయన ఇదే మాట అన్నాడు. ఆనాటి నుంచీ పిల్లను కంటికి రెప్పలా చూసుకున్నాడు మరి.

ఆ పిల్లకిప్పుడు ఇరవయ్యారేళ్లు. పక్కవీధి కళ్లద్దాల కొట్టులో పని. పొరుగూళ్లో పెద్ద కంటాసుపత్రివాళ్లు రమ్మంటున్నారు. మంచి జీతం, ఉండటానికి గది. వెళ్లి ఒకసారి కనపడితే చాలు. ఆ కనపడటమే ఆమె వల్ల కావడం లేదు. బయల్దేరే రోజు పొద్దున్నే కడుపు కదిలిపోతుంది. పోయినసారీ అంతే, అంతకుముందూ అంతే. ఇక పరుగులే పరుగులు. నాన్న జావ కాచి, ఓఆర్ఎస్ కలిపి తాగించి, తల నిమురుతూ కూర్చుంటాడు.

"భయమమ్మా. మీ అమ్మలా గుండెదిటవు లేదు నీకు. నా పోలిక," అంటాడు.

ఆమె కూడా నమ్మేసింది. బస్సు పేరు చెబితే కడుపు జారే పిరికిగొడ్డునని కొట్టులో తన మీద తనే జోకులేసుకునేది. ఇంటికొచ్చి ఏడ్చేది. ఈసారీ రాకపోతే ఇంకెవరినో చూసుకుంటామని ఆసుపత్రివాళ్లు తెగేసి చెప్పారు. బస్సు రేపు పొద్దున.

ఆ సాయంత్రం రంగుచేపలమ్మే ఆయన అద్దాలు బాగుచేయించుకోవడానికి కొట్టుకొచ్చాడు. మాటల్లో ఆమె నాన్న బాధ చెప్పింది.

"టబ్బులో రాయి పెట్టారా?" అన్నాడాయన.

"రాయెందుకండీ?"

"ఎక్కడానికమ్మా. చేతులొచ్చాక వాటికి మనలాగే గాలి కావాలి. నీళ్లలోనే ఉంచితే మునిగి చస్తాయి."

"కప్పలు మునిగి చావడమేమిటండీ, చోద్యం కాకపోతే."

"పెట్టి చూడు. తర్వాత నువ్వే వచ్చి చెబుతావు."

ఇంటికి వస్తూ ఆయన దగ్గరే నున్నటి నల్లరాయి ఒకటి తీసుకుంది. టబ్బు మధ్యలో పెట్టగానే చేతులొచ్చిన పిల్ల ఒకటి వచ్చి దాని అంచు పట్టుకుంది. ఆమెకు భలే ముచ్చటేసింది.

"ఏమిటే ఇది?" అన్నాడు నాన్న.

"ఇది లేకే ఇన్నేళ్లూ చచ్చాయి నాన్నా. ఇక చూడు, దీనిమీదికెక్కి కూర్చుంటాయి."

"కూర్చుని?"

"కూర్చుని ఏముంది, తోక పోగానే గెంతుకుంటూ వెళ్లిపోతాయి."

నాన్న కాసేపు రాయి వైపే చూశాడు. "పోనీలే, బతుకుతాయంటే అంతకన్నా ఏం కావాలి," అన్నాడు.

అన్నాలయ్యాక, ప్రయాణం ముందు ఎప్పుడూ చేసినట్టే, చక్కెర దండిగా వేసి పాలు కాచిచ్చాడు.

"తాగు బంగారం. రేపటికి ఒంట్లో సత్తువుండాలి."

మూతికంటిన నురగ తనే తుడిచాడు.

తెల్లారేసరికి కడుపులో మళ్లీ అదే సుడి. పెరట్లో మరుగుదొడ్డికి పరుగెత్తుతూ టబ్బు వంక చూసింది. తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. ఆగి చూసే ఓపిక లేదు. చేపలాయన మాటా ఉత్తదే అనుకుంది. రాయి పెట్టినా ఎక్కడం చేతకాలేదు వాటికి, అచ్చం తనలాగే.

బస్టాండుకని చెప్పి ఉంచిన ఆటో గేటు దగ్గర హారన్ కొట్టింది.

"రాలేవని చెప్పి పంపేస్తాలే. నీ వల్ల కాదమ్మా, ఏం చేస్తాం," అంటూ నాన్న చెప్పులేసుకున్నాడు. "నువ్వు కదలకు. ఓఆర్ఎస్ నేనొచ్చి కలిపిస్తా."

ఆమెకు నోరెండిపోతోంది. ఆ ప్యాకెట్లు ఎప్పుడూ నాన్నే తీసిస్తాడు. కుట్టుమిషను సొరుగులో ఉంటాయి. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి సొరుగు లాగింది.

ప్యాకెట్ల పక్కన ఇంకా తడి ఆరని నల్లరాయి, దాని కింద సగం ఖాళీ అయిన మలబద్ధకం మాత్రల అట్ట ఉన్నాయి.